స్పార్క్ ప్లగ్ చెప్పే రాతి పాఠం

స్కూటర్ మెకానిక్ దగ్గర ఎప్పుడైనా కాసేపు నిలబడ్డారా? బండి మొరాయిస్తే అతను మొదట ఊడదీసేది స్పార్క్ ప్లగ్‌నే. మసి పట్టిన మూతిని గీకి, తుడిచి, మళ్లీ బిగించి కిక్కు కొడతాడు. బండి కదులుతుంది. మన చూపంతా ఆ ఇనుప మూతి మీదే ఉంటుంది. కాని ప్లగ్‌లో ఎక్కువ కష్టపడేది ఇనుము కాదు. నడుమనున్న తెల్లని పింగాణి వంటి భాగం.

ఇంజన్‌లోని పెట్రోలు ఆవిరి, గాలి మిశ్రమం అంటుకోవాలంటే ప్లగ్ కొనలో నిప్పురవ్వ పుట్టాలి. ఒక మిల్లీమీటరు లోపు ఉండే ఆ సందును దాటడానికి విద్యుత్తుకు వేల వోల్టులు కావాలి. అది పక్కదారి పట్టకుండా ఆపేది ఆ తెల్లని విద్యుత్ బంధకమే. ఒక క్షణం రెండు వేల డిగ్రీలు దాటిన మంట, మరుక్షణం చల్లని మిశ్రమం! నిమిషానికి వందల సార్లు ఇలా జరుగుతున్నా అది పగలకూడదు.

ఈ చిన్న వస్తువు మీద అమెరికాలో పెద్ద తగాదాయే నడిచింది. ఆల్బర్ట్ ఛాంపియన్ ఫ్రాన్సు దేశపు సైకిల్ వీరుడు. 1899లో పారిస్-రూబే పందెం గెలిచాడు. తరువాత అమెరికా చేరి, 1905లో బోస్టన్ నగరంలో తన పేరుతో కంపెనీ పెట్టాడు. పెట్టుబడి పెట్టినవారిలో స్ట్రానహాన్ సోదరులున్నారు. 1908లో అతను వారిని విడిచి ఫ్లింట్ నగరానికి వెళ్లాడు. 'ఛాంపియన్' పేరు మాత్రం సోదరుల దగ్గరే ఉండిపోయింది! వారు 1910లో టొలీడో చేరి, 'ఛాంపియన్' ప్లగ్‌లను లోకమంతా అమ్మారు. పేరుగల మనిషి మాత్రం చివరకు తన పేరులోని మొదటి అక్షరాలతో, 'ఏ.సి.' అని సరిపెట్టుకోవలసి వచ్చింది.

అయితే ప్లగ్‌ను నిలబెట్టింది పేరా? కాదు, బంధకం. తొలి రోజుల్లో పింగాణి, అభ్రకం, స్టియటైట్ అన్నీ వాడి చూశారు. టొలీడో కంపెనీవారు దేశానికి ఆ చివరనున్న కాలిఫోర్నియా కొండల్లో అండలూసైట్ అనే ఖనిజాన్ని తవ్వించి, తెప్పించి, కాల్చి బంధకాలు చేశారు. ఇప్పుడు ఎక్కువగా అల్యూమినా వాడుతున్నారు.

స్టియటైట్ అన్న పేరు కొత్తగా ఉందా? అది మన బలపం రాయే! పూర్వపు కర్నూలు జిల్లాలోని బేతంచెర్ల ప్రాంతంలో దొరుకుతుంది. అక్కడ బలపాలపల్లె అని ఊరే ఉంది. గోటితో గీకితే రాలే ఈ మెత్తని రాయి పొడికి తగిన మట్టి కలిపి, కొలిమిలో పదమూడు వందల డిగ్రీల దాకా కాలిస్తే గట్టిపడి మంచి బంధకమవుతుంది. జర్మనీలో బాష్ కంపెనీ తొలి ప్లగ్‌లకు స్టియటైట్ బంధకాలనే వాడింది.

కడప వైపు చూడండి. మంగంపేట ముగ్గురాయి, అంటే బెరైటీస్, చాలా బరువైన రాయి. దాని పొడిని చమురుబావులు తవ్వేటప్పుడు బురదలో కలుపుతారు. ఆ బరువు లోపలి వాయువు పైకి తన్నుకురాకుండా అదిమిపెడుతుంది. మన రాయి ఇలా పొడిగానే ఎల్లలు దాటిపోతుంది.

నా అభిప్రాయం ఇది. "మా సీమలో ఖనిజాలున్నాయి" అని గర్వపడితే చాలదు. టొలీడోలో ఆ రాయి లేదు, రాతిని గురించిన తెలివి ఉంది. అందుకే రాయి వెతుక్కుంటూ వారి దగ్గరికి వెళ్లింది. మన దగ్గర రాయి ఉంది. దాన్ని తవ్వే కూలీ మన ఊరివాడు. దాన్ని పరీక్షించి వస్తువుగా మార్చేవాడు కూడా మన ఊరివాడే ఎందుకు కాకూడదు?

"విద్యుత్ బండ్లు వస్తున్నాయి, ఇక ప్లగ్ ఎందుకు?" అని మీరడగవచ్చు. నిజమే, వాటికి ప్లగ్ అక్కరలేదు; బంధకాలు మాత్రం కావాలి. ఒక వస్తువు పోయినా దాన్ని చేయడంలో అబ్బిన నేర్పు పోదు. ప్లగ్‌లు చేసిన ఏ.సి. సంస్థే తరువాత అపోలో నౌకలకు దారి చూపే పరికరాల తయారీలో పాలుపంచుకుంది.

కనుక ప్రతి ఉన్నత పాఠశాల ప్రయోగశాలలోనూ ఆ చుట్టుపక్కల రాళ్లతో ఒక పెట్టె ఉండాలి. దానికి మీరే నాంది పలకండి. రాతి బలపం ముక్కలు రెండు తీసుకోండి. ఒకదాన్ని బాగా ఎండబెట్టి, పెద్దల సాయంతో కుమ్మరి ఆవంలో కాల్పించండి. చల్లారాక రెండింటినీ మేకుతో గీసి చూడండి. తేడా ఉందా? ఉంటే ఎందుకు? లేకపోతే ఎందుకు లేదు? పలక మీద రాసిన బలపాన్ని గురించే ఈసారి నోటుపుస్తకంలో రాయండి.