యాప్‌కీ ట్రయల్ పెట్టారు, మన జిల్లాలోనే

మా టీమ్‌లో రెండు వారాలకోసారి రిలీజ్. బటన్ రంగు మార్చినా ముందు కొంతమందికి చూపించి, లెక్క బాగుంటేనే అందరికీ ఇస్తాం. మరి బీపీ మందు గురించి సలహా చెప్పే యాప్‌ని ఎలా పరీక్షించాలి? ట్రయల్‌కి రెండేళ్లు ఈజీగా పడుతుంది. ఈలోపు ఆండ్రాయిడ్ మారిపోతుంది, ట్యాబ్ పాతబడిపోతుంది.

దీనికి ఉదాహరణ కోసం అమెరికా దాకా వెళ్లక్కర్లేదు. అప్పటి మా పశ్చిమ గోదావరి జిల్లాలోనే జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు 'స్మార్ట్‌హెల్త్ ఇండియా' ట్రయల్ చేశారు. ఆశా కార్యకర్త ట్యాబ్ పట్టుకెళ్లి బీపీ చూసి, గుండెజబ్బు రిస్క్ లెక్కేసి, ఎక్కువున్నవాళ్లని పీహెచ్‌సీకి పంపేది. ఏ మందు పెట్టొచ్చో డాక్టర్‌కీ ట్యాబ్‌లోనే సూచన వచ్చేది. పల్లెల్లో గుండెజబ్బులేంటి అనుకుంటున్నారా? 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 ఊళ్లలో ఎవరు దేనితో పోతున్నారో చూస్తే, దాదాపు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బులే.

ఒకే ఊళ్లో సగం మందికి యాప్, సగం మందికి వద్దు అంటే కుదరదు. ఇద్దరి దగ్గరికీ వెళ్లేది అదే ఆశా అక్క కదా! గణపవరం వాళ్లకైతే ఒక్క ముక్కలో చెప్పొచ్చు: కొత్త మేత పనిచేస్తుందో లేదో చూడాలంటే ఒకే చెరువులో సగం చేపలకి వేయలేం, చెరువు మొత్తానికి వేయాలి. అందుకే లాటరీ మనుషులకి కాదు, పీహెచ్‌సీలకి వేశారు. 18 పీహెచ్‌సీలు, 54 ఊళ్లు. విడతలవారీగా అందరికీ యాప్ అందుతుంది, ఎవరికి ముందన్నదే లాటరీ. ఇందులో ఒక చిక్కుంది. ఈ మధ్యలో ఊళ్లో ఇంకేదైనా మారినా ఆ క్రెడిట్ యాప్ ఖాతాలో పడిపోతుంది. అందుకే కాలాన్ని కూడా లెక్కలో కలపాలి.

2019లో ఫలితం వచ్చింది. ఆశాల ఫాలోఅప్ బాగానే జరిగింది, డాక్టర్ల వైపు అంత లేదు. బీపీ అదుపులోకి వచ్చినవాళ్ల శాతంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నాకైతే ఈ ట్రయల్‌లో బాగా నచ్చింది ఇదే. మా ఆఫీసు డ్యాష్‌బోర్డ్ అయితే ఎంతమందిని స్క్రీన్ చేశామో చూపించి కేక్ కట్ చేయించేది.

మరి వెర్షన్ల గొడవ? అమెరికా పరిశోధకుడు డేవిడ్ మోర్ బృందం 2015లో ఒక దారి చెప్పింది: వెర్షన్‌ని కాదు, దాని వెనకున్న సూత్రాన్ని పరీక్షించండి. బగ్‌లు సరిచేసుకోవచ్చు, స్క్రీన్లు మార్చుకోవచ్చు. ఏవి మార్చొచ్చో మాత్రం ముందే రాసిపెట్టాలి. అక్షరాల సైజు పెంచితే పర్లేదు. రిస్క్ లెక్కించే ఫార్ములా మారిస్తే అది వేరే మందు కింద లెక్క, ప్లేస్టోర్‌లో దాన్ని 'మైనర్ అప్‌డేట్' అని రాసినా సరే.