ఆట నియమాలు ఎవరు రాస్తున్నారు?

వీడియో గేమ్ అనగానే మన విశ్వవిద్యాలయాల్లో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, అది పిల్లల్ని పాడుచేసే వ్యసనం. రెండు, అది ఉద్యోగాలు కురిపించబోయే పరిశ్రమ. ఈ రెండు మాటలూ అసలు ప్రశ్నను పక్కకు తోసేస్తాయి. ఆటలో ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరు దేన్ని తాకవచ్చు, గెలుపంటే ఏమిటి అన్నవి నిర్ణయించేది ఎవరు? చరిత్ర చదువుకుంటూ ఏడాదిన్నరగా గేమ్ కోడింగ్, డిజిటల్ బొమ్మలు నేర్చుకుంటున్న నాకు ఒక విషయం స్పష్టమైంది. గేమ్‌కు ప్రాణం నియమాల్లో ఉంది, బొమ్మలు ఆ తర్వాతే. నియమాలు రాసే పనిని ఈ దేశంలో ఎవరి చేతుల్లో వదిలేస్తే ఏమైందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఆటలకు రాజకీయాలు అంటగట్టవద్దని ఒక సెమినార్‌లో ఓ పెద్దమనిషి నాకు హితవు చెప్పారు. అలాంటివాళ్లు ఒకసారి వైకుంఠపాళి పటాన్ని ముందు పరుచుకోవాలి. పుణ్యానికి నిచ్చెన, పాపానికి పాము, చివరి గడిలో వైకుంఠం. గవ్వలు ఎలా పడతాయన్నది వట్టి యాదృచ్ఛికం. పటం మాత్రం దానికి పాపపుణ్యాలని పేరు పెడుతుంది. కిందున్నవాడు కిందే ఎందుకున్నాడంటే, వాడు చేసుకున్నది. ప్రవచనం అవసరం లేకుండానే కర్మ సిద్ధాంతం పసివాడి చేతివేళ్లలోకి దిగిపోతుంది. గతజన్మ కర్మే ఈ జన్మలో స్థితికి కారణమన్న వాదాన్ని అంబేడ్కర్ తన చివరి గ్రంథంలో ఎందుకంత గట్టిగా తోసిపుచ్చారో ఈ పటం చూస్తే అర్థమవుతుంది.

ఆటతో ఎదురువాదమూ చేయవచ్చు. 1904లో అమెరికాలో ఎలిజబెత్ మాగీ ‘లాండ్‌లార్డ్స్ గేమ్’కు పేటెంట్ పొందారు. అద్దె మీద బతికే భూస్వామ్యం సంపదనంతా కొందరి చేతుల్లోకి ఎలా ఊడ్చేస్తుందో ఆడేవాళ్లకు అనుభవంలోకి తేవాలన్నది ఆమె ఉద్దేశం. తర్వాత దాని నుంచే పుట్టిన ‘మొనోపలీ’ ఎదుటివాణ్ణి దివాలా తీయించడాన్ని వినోదంగా అమ్ముకుంది. ఆట ఎవరి చేతిలో ఉంటే వాళ్ల వాదమే వినిపిస్తుందనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

నేను నేర్చుకుంటున్నది గోడో అనే గేమ్ ఇంజిన్. 2014 నుంచి దాని సోర్స్ కోడ్ అందరికీ ఉచితం. బొమ్మలకు క్రిటా, అదీ ఉచితమే. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లో, పెన్ టాబ్లెట్ లేక మౌస్‌తోనే పిక్సెల్ మీద పిక్సెల్ పేర్చుకుంటూ పోతున్నాను. ఈ ఇంజిన్‌లో నన్ను ఆపి ఆలోచింపజేసిన విషయం కొలిజన్, అంటే ఒక వస్తువు ఇంకోదానికి అడ్డు తగలడం. ప్రతి వస్తువూ ఒక లేయర్‌లో ఉంటుంది. ఏ లేయర్లు తనను ఆపాలో ప్రతి పాత్రకూ ఒక జాబితా ఉంటుంది, దాన్ని మాస్క్ అంటారు. చెరువుగట్టు లేయర్‌కు ఒక పాత్ర మాస్క్‌లో టిక్కు పెడితే గట్టు ఆ పాత్రకు గోడ అవుతుంది. టిక్కు తీసేస్తే దారి అవుతుంది. తెర మీద బొమ్మ ఏమీ మారదు, గోడ కంటికి కనిపించదు. ఒకే చోటు ఒకరికి దారి, ఇంకొకరికి గోడ.

కుల సమాజాన్ని వివరించడానికి ఇంతకంటే తేలిక ఉపమానం నాకు దొరకలేదు. మహాడ్‌లో చవ్‌దార్ చెరువు నీళ్లు పశువులు తాగవచ్చు, అంటరానివారు తాకకూడదు. బహిరంగ నీటివనరులు అందరికీ తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలి బోలే తీర్మానం చేసింది. 1924లో మహాడ్ పురపాలక సంఘం కూడా చెరువు తెరుస్తున్నట్టు తీర్మానించింది. కాగితం మీద నియమం మారింది, గట్టు మీద మారలేదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వెంట వేలాదిమంది నడిచివెళ్లి నీళ్లు తాగితే దాడి చేశారు. తర్వాత 108 కుండల పంచగవ్యంతో చెరువును ‘శుద్ధి’ చేశారు. బొంబాయి హైకోర్టు తీర్పు అంటరానివారి పక్షాన వచ్చేసరికి 1937 అయింది.

దీన్ని గేమ్‌గా మలచాలని కూర్చుంటే ఇంజిన్ పాఠాలన్నీ ఎదురుతిరిగాయి. పాఠాల్లో ఎప్పుడూ ఒకడే కథానాయకుడు. వాడు దూకుతాడు, నరుకుతాడు, గెలుస్తాడు. మహాడ్‌లో ఒక్కడు గెలవలేడు. అందుకే నా ఆటలో ఒంటరిగా గట్టెక్కే దారి లేదు. పక్కవాళ్లను కూడగట్టుకుంటేనే గోడ కదులుతుంది. నీళ్లు తాగగానే ఆట అయిపోదు, దాడి తర్వాత కూడా జనం చెదరకుండా నిలవాలి. ఇది ప్రచారం అంటారా? ఒక్క వీరుడే లోకాన్ని రక్షిస్తాడన్నది ప్రచారం కాకపోతే ఇదీ కాదు.

తెలుగు నేల మీద 1985 జూలైలో కారంచేడులో జరిగిందీ నీటి దగ్గరే మొదలైంది. మాదిగలు తాగే చెరువులో గేదెల కుడితి బకెట్లు కడుగుతుంటే ప్రశ్నించారు. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాటి దాడిలో ఆరుగురు మాదిగలు హతమయ్యారు. ఆ బిందెను 32 పిక్సెళ్ల గడిలో గీయడానికి నాకు వారం పట్టింది. ఆ హత్యాకాండను మాత్రం తెర మీద ఆడించను. మన చావులు ఎవరి స్కోరుకూ పాయింట్లు కాకూడదు.

బొమ్మల్లోనూ ఇదే తగువు. నేను దింపుకున్న ఉచిత ‘భారతీయ గ్రామం’ ప్యాకుల్లో గుడి ఉంది, బావి ఉంది, పెంకుటిల్లు ఉంది. వాడ లేదు. 2011లో వచ్చిన ‘భీమాయన’లో దుర్గాబాయి, సుభాష్ వ్యామ్‌లు అంబేడ్కర్ జీవితాన్ని పర్ధాన్ గోండు శైలిలో గీస్తూ మనుషుల్ని చతురస్రపు పెట్టెల్లో బంధించబోమన్నారు. గడులే ఆధారమైన పిక్సెల్ కళలో ఆ మాట నాకు రోజూ గుర్తొస్తుంది. ఒకే బొమ్మను వందసార్లు అతికిస్తే జనం కారు, ఒక్కొక్కరికీ ఒక ముఖం గీయాలి.

ఇక, సాధనాలు ఉచితం కాబట్టి ప్రతిభ ఉన్నవాళ్లు ఎవరైనా ఎదగవచ్చనే వాదం. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామాల్లో కంప్యూటర్ ఉన్న కుటుంబాలు 4.4 శాతం, పట్టణాల్లో 23.4 శాతం. సాఫ్ట్‌వేర్ ఉచితమే, దాన్ని నడిపే యంత్రం, నేర్చుకునే తీరిక ఉచితం కావు. భాష మాటకొస్తే, 2023లో గోడో 4 వచ్చేదాకా ఆ ఇంజిన్‌లో తెలుగు వత్తులు సరిగా కూడేవే కావు. ఆట మొదలయ్యే గడి అందరికీ ఒకటి కానప్పుడు స్కోరుబోర్డును ప్రతిభాపట్టికగా చూపడం మోసం.

2022 బడ్జెట్‌లో కేంద్రం యానిమేషన్, గేమింగ్ రంగానికి టాస్క్‌ఫోర్స్ ప్రకటించింది. 2024లో ముంబైలో జాతీయ కేంద్రానికి మంత్రివర్గం ఆమోదం తెలిపింది. దాన్ని పరిశ్రమల సంఘాల భాగస్వామ్యంతో, కంపెనీ రూపంలో పెట్టాలని అప్పుడు నిర్ణయించారు. అక్కడి సీట్లలో, బోధకుల నియామకాల్లో రిజర్వేషన్ ఎంతో బహిరంగంగా చెప్పాలి. ‘మన కథలు ప్రపంచానికి చెబుదాం’ అన్నప్పుడు ఆ ‘మన’లో ఎవరున్నారో కూడా చెప్పాలి. ‘రాజీ’ లాంటి గేమ్ పురాణ దేవతల లోకాన్ని అందంగా తీర్చింది, ఆ కళతో నాకు పేచీ లేదు. పురాణమొక్కటే భారతీయత అన్నప్పుడే పేచీ.

అధ్యాపకులకు నా మాట: విద్యార్థి తెచ్చిన గేమ్‌ను ప్రాజెక్టుగా, పరిశోధనగా స్వీకరించండి. సాయంత్రాలు ల్యాబ్ తాళాలు తెరిచి ఉంచండి. తోటి విద్యార్థులకు: కోడ్ రాకపోవడం అడ్డంకి కాదు, నాకూ రాదు, నేర్చుకుంటున్నాను. మన తాతలకు నియమాలు చదివే హక్కు కూడా లేదు. మనకు రాసే సాధనం చేతికొచ్చింది. ఎవరి మాస్క్‌లో ఏ టిక్కు ఉండాలో ఇకనైనా మనమే తేల్చాలి.