స్టెంట్‌కు ముందు రక్తప్రవాహం చూడాలి

యాంజియోగ్రామ్‌లో రక్తనాళం 60 శాతం పూడిందనగానే ఇంటిల్లిపాదీ హడలిపోయి స్టెంట్‌కు ఒప్పేసుకుంటారు. కానీ ఆ చిత్రం చూపేది నాళం ఎంత సన్నబడిందో మాత్రమే. గుండె కండరానికి రక్తం చాలుతోందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు చెప్పేది న్యూక్లియర్ స్కాన్. రోగిని ట్రెడ్‌మిల్ మీద నడిపించి, గుండె వేగం పుంజుకున్నాక టెక్నీషియం-99ఎం కలిసిన మందును సిరలోకి ఎక్కిస్తారు. రక్తం అందిన మేరకే కండరం దాన్ని పట్టుకుంటుంది. శ్రమలో వెలితిగా కనిపించిన చోటు విశ్రాంతిలో నిండితే అక్కడ రక్తం చాలడం లేదని అర్థం. రెండుసార్లూ వెలితే అయితే అది చాలావరకు పాత గుండెపోటు మిగిల్చిన మచ్చ.

రేడియేషన్ మాటేమిటంటారా? టెక్నీషియం అర్ధాయువు 6 గంటలు, ఒక రోజు గడిచేసరికి పదహారో వంతే మిగులుతుంది. గర్భిణులకు తప్ప ఇది భయపడాల్సిన మోతాదు కాదు, యాంజియోగ్రామ్‌లోనూ ఎక్స్‌రేలే కదా. మూడు నాళాలూ సమానంగా పూడితే స్కాన్ పొరబడవచ్చన్న అభ్యంతరం మాత్రం నిజమే, అందుకే తుది నిర్ణయం డాక్టరుదే. గుండెపోటు వచ్చినవారైతే స్కాన్ కోసం ఆగనే కూడదు. నిలకడగా ఉన్నవారి సంగతి వేరు. 2020లో వెలువడిన ఇస్కీమియా అధ్యయనంలో 5,179 మంది పాల్గొన్నారు. రక్తం చాలడం లేదని పరీక్షల్లో తేలిన అలాంటివారిలో సైతం, ముందే స్టెంటో బైపాసో చేయడం వల్ల మందుల కంటే మరణాలు తగ్గలేదు, ఛాతీనొప్పి మాత్రం తగ్గింది. అంటే ఆలోచించుకునే వ్యవధి ఉంది. సంతకం పెట్టేముందు ఒక్క మాట అడగండి: “డాక్టరుగారూ, ఈ పూడిక వల్ల రక్తం తగ్గిందని పరీక్షలో తేలిందా?”