సనద్ లేని దస్తఖత్ ఎందుకు కొంటారు?

ఆరు వేల రూపాయలకు ఒక క్రికెట్ బంతి. దాని మీద సిరాజ్ దస్తఖత్ ఉందట. ఖమ్మంలో ఇంటర్ చదువుతున్న మా భాంజా ఫోన్‌లో చూపించి, "మామూ, ఈదీ డబ్బులు దాచాను, కొనుక్కోనా?" అన్నాడు. వద్దన్నాను. మొహం మాడ్చుకున్నాడు. వాడి అమ్మీ మాత్రం ఖుష్. "చెప్పు భాయ్, ఇదంతా ఇసరాఫ్ కదా" అంది. ఆమెకీ అవునని చెప్పలేదు. షౌక్ ఇసరాఫ్ కాదు. సనద్ లేని వస్తువు మీద పెట్టిన పైసా ఇసరాఫ్.

ఉర్దూ మీడియంలో చదువుకున్న మాకు సనద్ అంటే రెండు అర్థాలు. ఒకటి, చదువు అయిపోయాక చేతికిచ్చే కాగితం. రెండోది, హదీసు ముందు వచ్చే పేర్ల వరస. ఫలానా ఆయన ఫలానా ఆయన దగ్గర విన్నారు, ఆయన ఇంకొకరి దగ్గర విన్నారు అని చివరిదాకా చెబుతారు. మధ్యలో ఒక్క కడియం తెగినా ఉలమా ఆ మాటను జయీఫ్ అని పక్కన పెడతారు. ఆటగాళ్ల వస్తువులు జమ చేసేవాళ్లకు కావలసింది ఈ రెండో సనదే. ఈ బంతి మీద సంతకం ఎవరు చేశారు, ఎక్కడ, ఏ రోజు? ఎవరు చూశారు? అక్కణ్నుంచి నీ దాకా ఎవరి చేతుల మీదుగా వచ్చింది? అమ్మేవాడు బంతితో పాటు మొదటిరకం సనద్ ఒకటి ఇస్తాడు, మెరిసే స్టిక్కర్ అతికించిన సర్టిఫికెట్. భాయ్, దస్తఖత్‌ను నకిలీ చేయగలిగినవాడికి సర్టిఫికెట్ అచ్చేయడం ఒక పనా?

ఇది మన దగ్గరే ఉన్న రోగం కాదు. అమెరికాలో 1990ల చివర్లో ఎఫ్‌బీఐ 'ఆపరేషన్ బుల్‌పెన్' అని దర్యాప్తు చేసి, ఆటగాళ్ల నకిలీ సంతకాలు తయారుచేసే ముఠాలను పట్టుకుంది. దొరికిన సరుకులో మదర్ థెరెసా సంతకం చేసిన బేస్‌బాల్ బంతులు కూడా ఉన్నాయి! కలకత్తాలో రోగుల సేవలో ఉన్న ఆవిడ బేస్‌బాల్ మీద ఎందుకు సంతకం చేస్తుందని కొనేవాడు ఒక్క నిమిషం ఆలోచించినా ఆ బేరం నడిచేది కాదు. షౌక్ ముదిరితే అఖల్ సెలవు తీసుకుంటుంది.

బేస్‌బాల్ మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. ఈ షౌక్‌కు పెద్దన్న అమెరికానే. 1880ల్లో అక్కడ సిగరెట్ ప్యాకెట్లు మెత్తటి కాగితంతో ఉండేవి, జేబులో నలిగిపోయేవి. నలగకుండా లోపల ఒక అట్ట ముక్క పెట్టేవాళ్లు. ఖాళీ అట్ట ఎందుకని దాని మీద ఆటగాళ్ల బొమ్మలు అచ్చేశారు. అవే కార్డులు. 1909 నుంచి 1911 దాకా అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన కార్డుల్లో హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి బొమ్మ ఉంది. నా బొమ్మ ఆపేయండి అని ఆయన అడ్డుపడ్డాడు. ఎందుకన్నదానికి రెండు మూడు కథలు చెబుతారు. మొత్తానికి కార్డులు కొన్నే బయటికొచ్చాయి. 2022లో అలాంటిది ఒకటి 72 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయింది.

అదే అమెరికన్ టొబాకో, ఇంగ్లాండు ఇంపీరియల్ టొబాకోతో కలిసి 1902లో బ్రిటిష్ అమెరికన్ టొబాకో పెట్టింది. ఆ కుటుంబంలోంచే 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో ఆఫ్ ఇండియా పుట్టింది. దాని నేటి పేరు ఐటీసీ. అవును, భద్రాచలం బ్రిడ్జి ఇవతల సారపాకలో పొగ గొట్టాలు కనిపించే అట్టల మిల్లు ఐటీసీదే. 1979లో ఆ కంపెనీ కాగితపు అట్టల వ్యాపారంలోకి దిగింది ఈ మిల్లుతోనే. మన జామాయిల్, సుబాబుల్ కర్ర లారీలకెక్కి వెళ్లేది అక్కడికే. ఈ తిప్పుడంతా ఎందుకంటే, ఆ కోట్ల విలువ అట్టలో లేదు. అట్ట మన వాకిట్లోనే తయారవుతోంది.

విలువ ఎక్కడిదో ఇంకో కార్డు చెబుతుంది. 1952లో టాప్స్ కంపెనీ మికీ మాంటిల్ బొమ్మతో కార్డు వేసింది. ఆ ఏడాది సరుకు అమ్ముడుపోక మిగిలితే, గోదాములో చోటు లేదని 1960లో పడవలో తీసుకెళ్లి సముద్రంలో పారబోశామని ఆ కంపెనీ మనిషే తర్వాత చెప్పుకున్నాడు. 2022 ఆగస్టులో ఆ మాంటిల్ కార్డు ఒకటి కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. అప్పటి లెక్కన మన వంద కోట్ల రూపాయలు. మరి 1980ల చివర్లో, 90ల్లో ఏం జరిగింది? కార్డులు బంగారమైపోతాయని అమెరికాలో ప్రతివాడూ కొని దాచాడు. కంపెనీలు కుప్పలుగా అచ్చేశాయి. ఇవాళ వాటిలో చాలా వాటికి కాగితం ధర కూడా రాదు. అందరూ దాచింది రద్దీ అయింది, అందరూ పారేసింది ఖజానా అయింది. కాబట్టి 'ఇది ఇన్వెస్ట్‌మెంట్ అబ్బా' అని మీ కొడుకు చెబితే నమ్మకండి.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. మనం పారేస్తున్నది ఏమిటి?

సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ హైదరాబాద్‌లో బడిపంతులు. హిందుస్తాన్ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. ఆయన తయారుచేసిన జట్టు 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఏషియాడ్‌లలో బంగారం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. జకార్తా గెలిచిన మరుసటి జూన్‌లోనే ఆయన క్యాన్సర్‌తో ఇంతెఖాల్ అయ్యారు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ తెచ్చింది. 1977లో ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన మహమ్మద్ హబీబ్ హైదరాబాదీ. 2023 ఆగస్టు 15న చనిపోయారు. 2024లో 'మైదాన్' సినిమా వచ్చేదాకా మన పిల్లల్లో ఎంతమందికి రహీం సాబ్ పేరు తెలుసు? మన మహల్లాల్లో ఎందరో ఖిలాడీలు ఉండేవారని దావత్‌లో గొప్పగా చెప్పుకుంటాం. రుజువు అడిగితే వాట్సాప్‌లో వచ్చిన మసక ఫోటో చూపిస్తాం.

ఆ రుజువు ఎక్కడుందో నాకు తెలుసు. సందూకుల్లో ఉంది. పెద్ద ఆటగాళ్లవే అని కాదు. ఇల్లెందు, కొత్తగూడెం, మణుగూరు గనుల ఇళ్లలో నానాలు, దాదాలు ఆడిన ఏరియా పోటీల సర్టిఫికెట్లు, జట్టు ఫోటోలు, చిన్న చిన్న కప్పులు ఉన్నాయి. పెద్దాయన పోయాక నలభై రోజులు కాగానే ఇల్లు సర్దుతారు. ఇత్తడి కప్పు పాత సామాన్లకు, కాగితాలు కిలో లెక్కన కబాడీకి. విలేకరిగా తిరుగుతూ కబాడీ దుకాణాల్లో ఫ్రేములు ఊడదీసిన గ్రూప్ ఫోటోలు చూశాను. అద్దం ఒక కుప్ప, చెక్క ఒక కుప్ప, మనుషులు ఒక కుప్ప.

కబాడీకి దక్కనివి నీళ్లకు దక్కాయి. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. 2024 సెప్టెంబరు 1న మున్నేరు ఖమ్మం కాలనీల మీద పడింది. ఆ తర్వాతి వారం ఎండలో ఆరేసిన పరుపుల పక్కన, అద్దానికి అతుక్కుపోయిన పెళ్లి ఫోటోలు, జట్టు ఫోటోలు ఎన్ని చూశానో. నష్టపరిహారం ఫారంలో వాటికి గడి ఉండదు.

అందుకే మా భాంజాకు చెప్పింది ఇది. ఆరు వేలు నీ దగ్గరే పెట్టుకో. ఆదివారం హైదరాబాద్ వెళ్తే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత స్పోర్ట్‌స్టార్ సంచికలు చూడు. వెస్టిండీస్‌లో, ఇంగ్లాండులో మనవాళ్లు గెలిచిన 1971లోనే తపాలా శాఖ ఆ క్రికెట్ విజయాల మీద 20 పైసల స్టాంపు వేసింది. పాత స్టాంపులవాళ్ల దగ్గర అడుగు, పెద్ద ఖర్చు కాదు. ఆ ఏడాది ఓవల్‌లో గెలుపు పరుగు కొట్టిన సయ్యద్ ఆబిద్ అలీ మన హైదరాబాదే అని తెలిస్తే ఆ చిన్న కాగితం ఇంకోలా కనిపిస్తుంది. మా తరం ఆడుకున్న ట్రంప్ కార్డులు ఏ అల్మారీలోనైనా మిగిలాయేమో మీ చాచాలను అడుగు, ఊరికే ఇచ్చేస్తారు. అన్నిటికన్నా ముందు, మీ మహల్లాలో ఒకప్పుడు జిల్లాకో, గనికో ఆడిన బుజుర్గ్ ఎవరో కనుక్కో.

ఆయన ఇంటికి వెళ్లేప్పుడు నోట్‌బుక్, పెన్ను చాలు. ముందు కూర్చో, చాయ్ తాగు, ఆయన మోకాలి నొప్పి గురించి విను. ఫోన్ బయటికి తీయడానికి తొందరపడకు. ఆట గురించి ఆయనే మొదలుపెడతారు, ఆపడం కష్టం. అప్పుడు దస్తఖత్ అడుగు. మన పల్లెల్లో దస్కతు అంటారే, అదే మాట. చేయి వణికినా పర్వాలేదు, ఉర్దూలో చేస్తారో తెలుగులో చేస్తారో ఆయన ఇష్టం. కింద తారీఖు, ఊరు, పక్కన కూర్చున్నవాళ్ల పేర్లు నువ్వు రాయి. ఇదీ సనద్. దీనికి బజారులో నయా పైసా రాకపోవచ్చు, కానీ ఎవడూ దీన్ని నకిలీ అనలేడు.

ఇంట్లో ఫోటోలు గోడకు వద్దనే పెద్దలుంటే ఫైల్‌లో పెట్టండి, గొడవ లేదు. లామినేషన్ మాత్రం చేయించకండి. ఆ వేడికి, జిగురుకు పాత కాగితం మళ్లీ విడిపోయి రాదు. చిరిగినచోట సెల్లోటేపు కూడా వద్దు, కొన్నేళ్లకు పసుపు మరకై కూర్చుంటుంది. సందూకు నేల మీద కాకుండా అటక మీద పెట్టండి. మున్నేరు పక్కన ఉండేవాళ్లకు ఎందుకో చెప్పక్కర్లేదు. ప్రతి కాగితాన్నీ ఫోన్‌తో ఒక ఫోటో తీసి ఇంకో ఊళ్లో ఉన్న చుట్టానికి పంపి ఉంచండి.

జట్టు ఫోటోల్లో ముందు వరసలో కుర్చీల్లో కూర్చున్న అఫ్సర్ల పేర్లు కింద అచ్చయి ఉంటాయి. వెనక నిలబడిన కుర్రాళ్ల పేర్లు చాలాసార్లు ఉండవు. వాళ్లు ఎవరో చెప్పగలిగినవాళ్లకు ఇప్పుడు ఎనభై దాటి ఉంటుంది. బక్రీద్‌కు ఊరెళ్తారు కదా, ఆ ఫోటో వాళ్ల ముందు పెట్టి ఎడమ నుంచి ఒక్కొక్కరినీ అడిగి వెనకవైపు రాయండి. పెన్సిల్‌తోనే, మెల్లగా. బాల్‌పెన్ అయితే గట్టిగా నొక్కిన గీత ముందువైపు మొహాల మీద తేలుతుంది.