పిల్లల చేతిలో రంగులు



మూడేండ్ల క్రితము వి.బి.ఎస్.లో మేము సృష్టిని గూర్చి పాఠము చెప్పాము. చెట్లు, చేపలు, పక్షులు అన్నీ థర్మాకోలుతో చేయించి, మెరుపు పొడి అద్దించి, గోడ నిండా అంటించాము. చూచిన వారంతా మెచ్చుకున్నారు. వారము తిరగకముందే అదంతా మందిరము వెనుక కుప్పపడింది. ఒకనాడు వీధి ఆవు ఆ కుప్పలో ఏదో నములుతూ ఉంటే, సండే స్కూలు పాప ఒకతె చూచి, "అయ్యగారూ, అది నేను చేసిన పావురమండీ" అన్నది. మా నోట మాట రాలేదు.

మరుసటి యేడు వి.బి.ఎస్.కు ముందు, టీచర్లను వెంటబెట్టుకొని అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక వెళ్లాము. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులను అక్కడ మళ్లీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. బొమ్మకు వాడేది అంకుడు కర్ర. తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కను అదిమితే, రాపిడి వేడికే లక్క కరిగి అంటుకుంటుంది. పసుపుకొమ్ము నుండి పసుపు, నీలిమొక్క నుండి నీలము, జాఫ్రా గింజల నుండి నారింజ రంగు తీస్తారు. పసిబిడ్డ నోట పెట్టుకున్నా భయము లేదు. అంకుడు చెట్టును కొట్టినా మొదలు ఉంచితే మళ్లీ చిగురిస్తుంది. మొదలంటా తీసివేస్తే రేపు బొమ్మ ఎక్కడిది? మేము గంట ప్రసంగములో చెప్పలేనిది, అక్కడి చెట్టు మొదలు చూడగానే టీచర్లకు అర్థమయింది.

ఆ వేసవిలో థర్మాకోలు కొనలేదు. పసుపు నీళ్లతో బొమ్మలు వేయించి, వాటిపై సున్నపు తేట చుక్క వేయించాము. పసుపు ఎర్రబడగానే పిల్లలు పెట్టిన కేకలు వీధి చివరకు వినబడ్డాయి! ఇది మీ ఇంట్లోనూ చేయించవచ్చును. సున్నము మాత్రము పెద్దలే ముట్టాలి. ఎండ తగిలితే పసుపు వెలిసిపోతుంది, నిజమే. "మెరుపు లేకపోతే గోడ బోసిగా ఉందండీ" అని కొందరు తల్లులు అన్నారు కూడా.

పక్షులను చెరువు మట్టితో చేయించాము. చివరి దినమున ఆ మట్టిని మళ్లీ చెరువులోనే కలుపుదామంటే అందరూ సరేనన్నారు. ఆ పాప మాత్రము తన పావురాన్ని గౌను జేబులో దాచుకొని ఇంటికి పట్టుకుపోయింది.