ఇంట్లో క్రియోల్, పుస్తకంలో ఇంగ్లీషు

మారిషస్‌లో ఒకటో తరగతి లెక్కల పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. దాన్ని పంతులమ్మ విడమరిచి చెప్పేది అక్కడ ఎక్కువమందికి ఇంటి భాష అయిన క్రియోల్‌లో, మధ్యమధ్య ఫ్రెంచిలో. పిల్లలు ఆడుకునేదీ, అలిగేదీ, అమ్మను అన్నం అడిగేదీ క్రియోల్‌లోనే. పరీక్షలో జవాబు మాత్రం ఇంగ్లీషులో రాయాలి. ఆ దేశంలో చదువు మీద నలభై యాభై ఏళ్లుగా సాగుతున్న పరిశోధన ఎటు తిరిగినా చివరికి ఈ దృశ్యం దగ్గరికే వస్తుంది.

దేశం చిన్నది: 2,040 చదరపు కిలోమీటర్లు, పన్నెండున్నర లక్షల పైచిలుకు జనం. 1968లో స్వాతంత్ర్యం వచ్చింది. 1977 నుంచి హైస్కూలు చదువు ఉచితం, 2005 నుంచి విద్యార్థులకు బస్సు ప్రయాణమూ ఉచితమే. పిల్లలంతా బడికి వెళ్తున్నారు. అయినా అయిదారేళ్లు బడిలో కూర్చున్న పిల్లల్లో దాదాపు మూడో వంతు మంది ప్రాథమిక విద్య చివరి పరీక్ష సీపీఈలో ఏటా తప్పుతూ వచ్చారు. ఖర్చుకు వెనకాడని ప్రభుత్వం, చదువంటే ప్రాణం పెట్టే తల్లిదండ్రులు ఉన్నచోట ఇంతమంది ఎందుకు తప్పుతున్నారన్నది తేల్చవలసిన ప్రశ్న.

మొదట్లో దొరికిన జవాబు పోటీ. పేరున్న హైస్కూళ్లలో సీట్లు కొన్నే కాబట్టి పదేళ్ల పిల్లల మధ్య ర్యాంకుల పరుగు మొదలైంది. ఆ పరుగు పెంచిన ట్యూషన్ల సంస్కృతి మీద రఫీక్ ఫూందన్ చేసిన అధ్యయనాన్ని యునెస్కో విద్యా ప్రణాళికా సంస్థ 1992లో ప్రచురించింది. బడిలో పగలంతా పాఠం చెప్పిన మాస్టారే సాయంత్రం డబ్బు తీసుకుని అదే పాఠం చెప్పే పద్ధతి చిన్న తరగతుల దాకా పాకిందని అది చూపింది. చిన్న తరగతులకు ట్యూషన్లు నిషేధించారు కూడా. 2003లో ఫలితాలు మరీ తక్కువగా ఉన్న బడులను గుర్తించి ప్రత్యేక సాయం అందించారు. తొమ్మిదేళ్ల నిరంతర విద్య పేరిట 2017 నాటికి సీపీఈనే ఎత్తేసి దాని స్థానంలో పీఎస్ఏసీ తెచ్చారు. కొత్త పరీక్షలోనూ వెనకబడ్డవాళ్లను నాలుగేళ్ల ప్రత్యేక కోర్సుకు పంపారు. ఆ నాలుగేళ్ల చివర జాతీయ పరీక్ష గట్టెక్కినవాళ్లు బహు తక్కువ. పరీక్ష పేరు మారినా తప్పే పిల్లలు మాత్రం అవే పేటల నుంచి, అవే ఇళ్ల నుంచి వచ్చారు. ముఖ్యంగా బానిసల సంతతివారైన క్రియోల్ సముదాయం నుంచి.

భాష మీద పనిచేసినవాళ్లకు ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించలేదు. దేవ్ విరాసామి 1960ల చివరి నుంచే క్రియోల్‌ను యాసగా చూడవద్దని, అది భాష అని వాదించారు. లెదికాస్యోఁ పు త్రవాయేర్ అనే సంస్థ చదువురాని కూలీలకు క్రియోల్‌లోనే అక్షరాలు నేర్పింది. 2009లో అదే సంస్థ మాతృభాషను అణచివేస్తే పిల్లలకు జరిగే హాని మీద బహిరంగ విచారణ జరిపింది. నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది 2005లో కేథలిక్ విద్యా విభాగం మొదలుపెట్టిన ప్రెవోక్‌బెక్ అనే కార్యక్రమం. సీపీఈ తప్పి, చదువు తమకు రాదని తామే తీర్మానించుకున్న పిల్లలకు అక్కడ క్రియోల్‌లో చదవడం, రాయడం, లెక్కలు నేర్పారు. ఒక భాషలో చదవడం వచ్చిన పిల్లవాడు రెండో భాషలోకి ఆ నేర్పును తీసుకుపోతాడన్నది విద్యా పరిశోధనలో ఎక్కడైనా గట్టిగా నిలిచిన మాట. మారిషస్ బడి ఆ మొదటి మెట్టునే తీసేసి రెండో మెట్టు ఎక్కమంటోంది.

మరి తల్లిదండ్రులు ఏమన్నారు? ప్రజల భాషా వైఖరుల మీద ఆలియా రాజా-కరీం అధ్యయనం 2007లో వచ్చింది. ఇంట్లో ప్రేమగా మాట్లాడుకునే భాషను బడిలో పెట్టడానికి చాలామంది వెనకాడడం అందులో కనిపిస్తుంది. వాళ్లను తప్పుపట్టలేను. సర్కారు కొలువుకు ఇంగ్లీషు కావాలి, ప్రైవేటు ఉద్యోగానికీ పత్రికలకూ ఫ్రెంచి కావాలి. క్రియోల్ ఏ కొలువు తెచ్చిపెడుతుందని వాళ్లు అడుగుతారు. పైగా ఆ దేశంలో భాష రాజకీయంగా నిప్పు. 1982లో అఖండ విజయంతో వచ్చిన ప్రభుత్వం మరుసటి ఏడాదే చీలిపోవడానికి క్రియోల్ వివాదం కూడా ఒక కారణం.

పరిశోధకుల పరిస్థితి చిన్న దేశంలో వేరుగా ఉంటుంది. 1973లో ఏర్పడిన మారిషస్ విద్యా సంస్థే ఉపాధ్యాయులకు శిక్షణ ఇస్తుంది, పాఠ్యపుస్తకాలు తయారుచేస్తుంది, పరిశోధనా చేస్తుంది. పుస్తకాన్ని విమర్శించే అధ్యయనం రాసినవారికి ఆ పుస్తకం రాసిన సహోద్యోగి పక్క గదిలోనే ఉండవచ్చు. కానీ ఆ దగ్గరతనంతో మేలూ ఉంది. ఉపాధ్యాయుల జీవిత కథనాల ద్వారా వాళ్ల తరగతి గదిని చదివిన అరుణా అంకియా-గంగదీన్ లాంటి పరిశోధకులు ఆ సంస్థ నుంచే వచ్చారు. 2010లో క్రియోల్ అకాడమీ ఏర్పడింది. మరుసటి ఏడాదికి వర్ణక్రమం తేలింది. ఆర్నో కార్పూరాన్ నిఘంటువు 2009లోనే సిద్ధంగా ఉంది. 2012 జనవరిలో ఒకటో తరగతి పిల్లల చేతికి క్రియోల్ పుస్తకం వచ్చింది. పెద్ద దేశంలో ఇంత పని కమిటీలు వేయడం దగ్గరే ఆగిపోయేది.

అయితే ఆ పుస్తకం బోధన మాధ్యమంగా రాలేదు, ఒక ఐచ్ఛిక సబ్జెక్టుగా వచ్చింది. అదీ హిందీ, ఉర్దూ, తమిళం, తెలుగు, మరాఠీ, అరబిక్, చైనీస్ అనే పూర్వికుల భాషల వరుసలోకే. వీటిలో ఒకదాన్ని ఎంచుకుంటే ఇంకోటి వదులుకోవాలి. ఇంట్లో ఒక్క క్రియోల్ మాత్రమే మాట్లాడుతున్నామని 2000 జనగణనలో నూటికి 70 మంది చెబితే 2011లో 84 మంది చెప్పారు. అంటే అందరి భాషను క్రియోల్ సముదాయం అనే ఒక్క వర్గం పూర్వికుల భాషలా లెక్కగట్టి, మిగతా పూర్వికుల భాషల పక్కన కూర్చోబెట్టారు. నా దృష్టిలో ఆ సంస్కరణలో జరిగిన అసలు పొరపాటు ఇదే.

ఇందులో మనకూ పాలుంది. కోరంగి రేవు నుంచి ఓడలెక్కి వెళ్లినందుకు మారిషస్‌లో మనవాళ్లను కోరంగీలన్నారు. వాళ్ల మనవలు నేటికీ సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండుగ చేస్తారు. ఉగాది అక్కడ సెలవు దినం. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. బడిలో తెలుగు ఉందని మనం మురిసిపోతాం, అది మురిసిపోదగ్గదే. కానీ ఆ తెలుగు గంటలోకి వచ్చే పాపకు తెలుగు ఇంటి భాష కాదు, తాతముత్తాతల భాష. అమ్మ ఒడిలో ఆమె విన్నది క్రియోల్. తెలుగా, క్రియోలా అని ఆ పాపను అడగడం అన్యాయం. తెలుగు సబ్జెక్టుగా ఉండనీ, లెక్కలూ సైన్సూ మొదటి మూడేళ్లు ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పనీ. రెండూ ఉంటే ఒకదానికొకటి అడ్డు రావు. అక్కడి తెలుగు సంఘాలు ముందుండి ఈ మాట అడిగితే, క్రియోల్‌ను ఒక్క వర్గం భాషగా చూసే అలవాటు సడలుతుంది.

దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. వలస పాలన నాటి 1957 విద్యా చట్టంలోనే ఆ వెసులుబాటు ఉంది. మూడో తరగతి దాకా పిల్లలకు ఏ భాష తగినదని మంత్రి భావిస్తే ఆ భాషలో బోధించవచ్చు, నాలుగు నుంచి ఇంగ్లీషు. స్వాతంత్ర్యం వచ్చాక మారిన మంత్రులందరి చేతిలోనూ ఆ నిబంధన ఉంది.