మంచిపేరు, సిఫారసు

పై తరగతుల విద్యార్థులును, వారి తలిదండ్రులును మాతో తరచుగా చెప్పు మాట యొకటి కలదు: "తెలిసినవారు లేనిదే ఈ కాలమున పని దొరకదు." ఈ మాటలో సగము సత్యము కలదని మేమును ఒప్పుకొందుము. ముక్కుమొగము తెలియని వానికి తన సొమ్మును గాని, తన యంత్రమును గాని అప్పగించుటకు ఎవ్వడును సాహసింపడు. అయితే తక్కిన సగమును విడిచి ఈ సగమునే నమ్మిన బాలుడు పని నేర్చుకొనుట మాని, పెద్దల గుమ్మముల చుట్టు తిరుగుట నేర్చుకొనును. కావున సిఫారసనగా నేమి, మంచిపేరెట్లు కలుగును అను విషయమున మా యభిప్రాయమును ఇచ్చట వ్రాయుచున్నాము.

దూరము పోనక్కరలేదు, సిరిసిల్లను చూడుడు. అచ్చటి మరమగ్గములను జనులు సాంచెలందురు. యజమాని నూలు బీములను ఆసామికిచ్చును. ఆసామి కార్మికులచే నేయించి గుడ్డను తిరిగి అప్పగించును. ఇట్టి వ్యవహారమునకు నమ్మకమే ఆధారము. ఏ ఆసామి చెప్పిన దినమునకు గుడ్డ నిచ్చునో, ఎవని గుడ్డలో లోపములుండవో, ఆ సంగతి చాటింపు వేయకయే నలుగురికిని తెలియును. పని తక్కువైన దినములలో ఉన్న కొద్ది బీములు ఎవరి యింటికి ముందు పోవునో వేరుగా చెప్పవలెనా?

ఈ ప్రాంతమునుండి భీవండికి, షోలాపురమునకు, సూరతుకు పోయిన నేతపనివారిలో అనేకులు ఒకరి వెంట ఒకరుగా పోయినవారే. ముందు పోయినవాడు తన యజమానితో "మా ఊరివాడొకడు కలడు, బాగుగా పని చేయును" అని చెప్పి వెనుకటివానిని పిలిపించుకొనును. ఆ మాట చెప్పినప్పుడతడు తన పేరును తాకట్టు పెట్టుచున్నాడు. వచ్చినవాడు పది దినములకే చెప్పకుండ వెడలిపోయినచో ఆ తాకట్టు మునిగిపోవును. తరువాత రాదలచిన మూడవవానికి తలుపు మూతపడును. సిఫారసనగా ఒకరి మంచిపేరును మరియొకరికి ఎరువిచ్చుటయే. ఎరువు తెచ్చుకొన్న వస్తువును మన వస్తువుకంటె జాగ్రత్తగా వాడవలెను గదా!

జగిత్యాల, కోరుట్ల ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోవువారి సంగతి ఇంకను గంభీరమైనది. "మనవాడే" అను నమ్మకముతో అప్పు చేసి సొమ్ము కట్టి, తీర చెప్పిన పని యొకటి, దొరికిన పని యొకటియై దుఃఖించిన కుటుంబములు కలవు. 1983వ సంవత్సరపు వలసల చట్టము ప్రకారము, విదేశములకు పనివారిని పంపు ఏజెంటు ప్రభుత్వమునొద్ద నమోదు పొందియుండవలెను. బంధువును నమోదు పత్రమడుగుట మర్యాద కాదని మొగమాటపడరాదు. పరిచయము విచారణకు దారి చూపవలెను గాని, విచారణకు బదులు కారాదు.

పేరు వ్యక్తికే కాదు, ఊరికిని ఉండును. 2017లో బతుకమ్మ పండుగకు ప్రభుత్వము చీరలు పంచినప్పుడు, సిరిసిల్ల చీరలతోపాటు సూరతునుండియు తెప్పించిరి. నాణ్యము బాగులేదని పలుచోట్ల స్త్రీలు కోపించిరి. చేతిలోని చీర ఏ ఊరి మగ్గముపై నేయబడెనో వారికెట్లు తెలియును? మంచి గుడ్డ నేసినవాడును ఆ నిందలో పాలుపంచుకొనవలసినదే. ఇట్టి నింద వాదము వలన పోదు. మరుసటి యేటి గుడ్డ వలననే పోవును.

ఇందుకు భిన్నమైన దృష్టాంతమును వినుడు. 2022లో భారతదేశము జీ-20 కూటమికి అధ్యక్షత వహింపనున్న సమయమున, రాజన్న సిరిసిల్ల జిల్లాకు చెందిన చేనేత కళాకారుడు వెల్ది హరిప్రసాద్ గారు ఆ కూటమి చిహ్నమును స్వయముగా నేసి, ఒక ఉత్తరముతో ప్రధానమంత్రికి పంపిరి. ఆ యేడు నవంబరు 27వ తేదీన ప్రధానమంత్రి రేడియో ప్రసంగములో ఆయన పేరు దేశమంతయు వినెను. ఆ గుడ్డయే ఆయనకు సిఫారసు. అయితే ఒక్క విషయము గమనింపుడు: ఆయన దానిని నేసి పెట్టెలో దాచుకొనలేదు, ఉత్తరము వ్రాసి పంపెను. చేతగాని దానిని చాటుకొనుట దంభము. చేసిన పనిని చూపవలసినవారికి చూపుట దంభము కాదు.

ఇక ప్రతిదినము మన చేతిలోనున్న సాధనములు స్వల్పమైనవి. ఉత్తరమునకైనను, ఫోనులోని సందేశమునకైనను జవాబిచ్చుట. పని ఆలస్యమగునని తెలిసిన వెంటనే, గడువు దాటకముందే చెప్పుట. ఒకని తప్పును వాట్సప్ గుంపులో నలుగురి యెదుట పెట్టక అతనితోనే చెప్పుట. విడిచివచ్చిన చోటును దూషింపకుండుట. సహాయము చేసినవారికి పని దొరికిన పిమ్మటను కుశలము వ్రాయుట. అవసరమున్నప్పుడు మాత్రమే పలుకరించువానిని లోకము త్వరలోనే గుర్తించును. నోరు మంచిదైన ఊరు మంచిదగునని పెద్దలన్నది ఊరకనే కాదు.

"పెద్దల యెరుక లేని బీదవాని గతియేమి?" అని యొకరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. ఇందుకు జవాబు చెప్పవలసినవారు బాలురు కారు. ఉపాధ్యాయులమైన మేమును, తలిదండ్రులైన మీరును. బంధువని, కులమువాడని అనర్హుని పొగడుచు వ్రాసిన ప్రతి సిఫారసు, ఎవరును లేని అర్హుని నోటికాడి కూడు తీసివేయును. అంతేగాక, అట్టి ఉత్తరములు రెండు మూడు పోయిన తరువాత మన చేవ్రాలునకే విలువ యుండదు. అప్పుడు నిజముగా యోగ్యుడైన బాలునికి మనము ఏమి యీయగలము? కావున ఎరిగినంతే వ్రాయుదము. ఎరుగనిచో వ్రాయమని చెప్పుదము. మౌనముగా బాగుగా పని చేయు బాలుని మనమే వెదకి నలుగురికి చూపుదము.

విద్యార్థులారా! మీ పేరు ఉద్యోగములో చేరిన దినమున మొదలు కాదు. తెచ్చుకొన్న పుస్తకమును చెప్పిన దినమున తిరిగి ఇచ్చినప్పుడే అది మొదలైనది.